ఊపిరితిత్తుల ప్రతిధ్వని

కుండను కొనువారు దానిని వ్రేలితో తట్టి చూడక బేరము ముగింపరు. కంగున మ్రోగినచో గట్టి కుండ. మొద్దుగా పలికినచో ఎక్కడనో బీట యున్నదని అర్థము. కంటికి కన్పింపని లోపమును చెవి పట్టియిచ్చుట మన యిండ్లలో నిత్యానుభవమే. అయినను మానవుని రొమ్ము విషయమున ఈ యుపాయమును క్రమమైన పరీక్షగా గ్రహించుటకు వైద్యులకు పదునెనిమిదవ శతాబ్దము వరకు పట్టెను. అటుపిమ్మట రెండువందల యేండ్లు గడచిన తరువాత మరల ధ్వనియే, ఈసారి మన చెవికి వినరాని ధ్వని, ప్రాణాపాయమున నున్న రోగి మంచము ప్రక్కనే అతని ఊపిరితిత్తుల స్థితిని తెలుపు సాధనమయ్యెను. ఈ నడుమ నడచిన కథలో ఒక విచిత్రము కలదు. పనికిరాని దోషములని పండితులు త్రోసివేసిన ఛాయలే చివరకు సాక్ష్యము పలికినవి. ఆ ఛాయలను చదువ నేర్చిన తీరును ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్ 1722లో ఆస్ట్రియా దేశపు గ్రాట్స్ నగరమున ఒక పూటకూళ్ళ యింటి యజమానికి జన్మించెను. ద్రాక్షసారాయి పీపాలో సరకు ఎంతవరకు ఉన్నదో పైనుండి తట్టి తెలిసికొనుట ఆ వృత్తిలో మామూలు విషయము. వియన్నాలోని స్పానిష్ ఆసుపత్రిలో వైద్యుడైన తరువాత అతడు రోగుల రొమ్మును వ్రేళ్ళతో తట్టి, గాలి నిండిన తావున ఒక తీరుగను, నీరు నిండిన తావున మరియొక తీరుగను పలుకుటను గుర్తించెను. ఊరక ఊహించి ఊరకుండలేదు; శవముల రొమ్ములోనికి నీరెక్కించి, తట్టి, ఎంతవరకు మొద్దుధ్వని వచ్చునో సరిచూచెను. 1761లో తన పరిశీలనలను లాటిను భాషలో ఒక చిన్న పుస్తకముగా వెలువరించెను. దానిని లెక్కచేసినవారు అరుదు. నెపోలియను వైద్యుడగు కోర్విసార్ 1808లో దానిని ఫ్రెంచి భాషలోనికి తెచ్చిన పిదపగాని ఐరోపా వైద్యులు మేల్కొనలేదు. ఆ మరుసటి సంవత్సరమే ఔయెన్‌బ్రుగ్గర్ కన్నుమూసెను.

కోర్విసార్ శిష్యులలో రెనే లాయెనెక్ ఒకడు. 1816లో పారిస్ నగరపు నెక్కెర్ ఆసుపత్రిలో ఒక యువతి గుండెను పరీక్షింపవలసి వచ్చినప్పుడు, ఆమె రొమ్ముపై నేరుగా చెవి ఆనించుట మర్యాద కాదని, కాగితములను గొట్టముగా చుట్టి ఒక కొనను ఆమె రొమ్మునకు, రెండవ కొనను తన చెవికి ఆనించెను. నేరుగా విన్నదానికంటె స్పష్టముగా వినవచ్చెను. అదియే స్టెతస్కోపునకు పుట్టుక. 1819లో వెలువడిన ఆయన గ్రంథమునందలి గొప్పతనము గొట్టముకంటె దాని వెనుకనున్న పద్ధతిలో నున్నదని మా యభిప్రాయము. బ్రతికియున్న రోగిలో విన్న ప్రతి చప్పుడును, మరణానంతరము ఆ శరీరమును తెరచి చూచినప్పుడు కన్పించిన వికారముతో జతపరచి, ఫలానా చప్పుడునకు ఫలానా యర్థమని నిఘంటువువలె కూర్చెను. గుర్తునకు అర్థమును ఇట్లు రుజువుతో కట్టుట ఈ కథలో మరల రానున్నది. లాయెనెక్ 1826లో క్షయరోగముతో, నలువదియైదేండ్ల వయస్సున మరణించెను.

1895లో రంట్‌జెన్ కనుగొన్న ఎక్సురే వచ్చిన తరువాత వైద్యులు రొమ్ములోనికి కంటితోనే చూడగల్గిరి. స్టెతస్కోపు, ఎక్సురే ఈ రెండును కలిసి అర్ధశతాబ్దము పైగా ఊపిరితిత్తుల వైద్యమును నడపినవి. కాని అవి కూర్చుండగల, ఊపిరి బిగపట్టగల రోగికి తగిన సాధనములు. ఆ రెండును చేయలేని రోగులు ఒక్కచోట చేరునట్టి క్రొత్త వార్డు ఒకటి త్వరలోనే ఏర్పడెను.

1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగనులో పోలియో వ్యాధి ఘోరముగా చెలరేగెను. ఊపిరి తీయు కండరములు చచ్చుబడిన రోగులను బ్లెగ్డామ్ ఆసుపత్రికి తెచ్చుచుండిరి. తొలి మూడు వారములలో అప్పటి శ్వాసయంత్రములందుంచి చికిత్స చేసిన 31 మందిలో 27 మంది మరణించిరి. అప్పుడు మత్తువైద్యుడగు బ్యోర్న్ ఇబ్సెన్, గొంతు క్రింద రంధ్రము చేసి, గొట్టమమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ఊపిరితిత్తులలోనికి గాలిని పంపవచ్చునని చూపెను. సంచి నొక్కుటకు మనుష్యులు కావలెను గదా! సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులువేసికొని రేయింబవళ్ళు రోగుల ప్రక్కన కూర్చుండి ఊపిరి పోసిరి. మరణముల సంఖ్య మిక్కిలి తగ్గెను. అట్టి రోగుల నందరిని ఒక్కచోట చేర్చి యెడతెగక కనిపెట్టియుండవలెనను భావము అందుండియే బలపడెను. మరుసటి సంవత్సరము ఆ నగరముననే ఇబ్సెన్ అట్టి విభాగమును నెలకొల్పెను. నేడు మనము ఐ.సి.యు. అని పిలుచునది అదియే.

ఇచ్చట పాత సాధనములకు చిక్కు వచ్చినది. వెంటిలేటరు హోరులో స్టెతస్కోపు సన్నని చప్పుళ్ళను పట్టుట కష్టము. రోగి వెల్లకిల పండియుండును. అతని వీపు క్రింద ఫలకముంచి ఎక్సురే తీయవలెను. పండుకొన్నవాని రొమ్ములో చేరిన నీరు వెనుకకు పరచుకొని పలుచని మబ్బువలె మాత్రమే కన్పించును. ఊపిరితిత్తి వెలుపలికి జారిన గాలి ముందునకు తేలి, ఫిలిముపై ఆనవాలే చిక్కకపోవచ్చును. ఈ గాలి చేరుటను వైద్యులు న్యుమోథొరాక్సు అందురు. మామూలు రోగిలో దానికి కొంత వ్యవధి యుండవచ్చును. వెంటిలేటరుపై నున్న రోగికి అట్లు కాదు. ఊపిరితిత్తికి చిల్లి పడినచో యంత్రము ప్రతి శ్వాసకు మరికొంత గాలిని ఆ చిల్లిగుండ రొమ్ములోనికి నెట్టుచుండును. ఆ గాలి గుండెను ప్రక్కకు త్రోసి, దానికి చేరవలసిన రక్తమును అడ్డగించును. నిమిషములలో ప్రాణము పోవచ్చును. 1971లో ఆరంభమైన సి.టి. స్కాను ఈ చిక్కును తీర్చగలదు, సందేహము లేదు. కాని అందుకొరకు గొట్టములతో, మందుల పంపులతో, ఆక్సిజను బండతో రోగిని మరియొక గదికి తరలింపవలెను. ఎవరికి ఆ పరీక్ష అత్యవసరమో వారిని కదల్చుటయే మిక్కిలి అపాయకరము.

ఇక వినరాని ధ్వనియొక్క కథ. మనుష్యుని చెవికి సెకనునకు 20,000 కంపనముల వరకే వినవచ్చును. వైద్యులు వాడు అల్ట్రాసౌండునకు సెకనునకు ముప్పది లక్షలు, ఏబది లక్షలు, అంతకు పైబడిన కంపనములుండును. రేడియో ముల్లును త్రిప్పువారికి మెగాహెర్ట్సు అను మాట క్రొత్తది కాదు. ఈ సంఖ్యలు షార్టువేవు అంకెలకు పొరుగువే. అయితే అది విద్యుత్తరంగము, ఇది వట్టి ధ్వని. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని జాక్, పియేర్ క్యూరీ సోదరులు 1880లో కనుగొనిరి. విద్యుత్తు పంపినచో అట్టి స్ఫటికము అదరి ధ్వని పుట్టించును. ఈ గుణము నాధారముగా గొని మొదటి ప్రపంచయుద్ధ కాలమున పాల్ లాంజ్‌వాన్ సముద్రగర్భమునందలి జలాంతర్గాములను ప్రతిధ్వనితో కనుగొను యత్నము చేసెను. ఓడలకొరకు పుట్టిన ఈ విద్య ఆసుపత్రికి వచ్చుటకు మరి రెండు దశాబ్దములు పట్టెను.

వచ్చిన తొలినాళ్ళలోనే ఒక పెద్ద పొరపాటు జరిగెను. ఆస్ట్రియా వైద్యుడగు కార్ల్ డుస్సిక్ తల కొకవైపునుండి ధ్వనిని పంపి, రెండవవైపున గ్రహించి, మెదడులోని నీటి గదుల చిత్రములను తీసితినని 1942లో ప్రచురించెను. చిత్రములు నిజముగానే గదులవలె నుండెను. కాని 1952లో జర్మనీ పరిశోధకులు పరిశీలింపగా, ఆ ఆకృతులు మెదడువి కావనియు, పుఱ్ఱె యెముక ధ్వనిని ఒకచోట హెచ్చుగను, ఒకచోట తక్కువగను మ్రింగుటచే ఏర్పడిన ఛాయలనియు తేలెను. యంత్రమే కల్పించు ఇట్టి ఛాయలను మనము మిథ్యాబింబములని పిలుచుకొందము. డుస్సిక్ నిజాయితీపరుడు, మార్గదర్శకుడు. అతని యెడ మాకు చులకన లేదు. ఛాయ ఎట్లు పుట్టినదో తెలియకుండ దాని కర్థము చెప్పబూనుటయే అక్కడ దెబ్బతీసినది.

స్కాట్లండులో ఇయాన్ డోనాల్డ్ మరింత జాగ్రత్తగా నడచెను. యుద్ధకాలమున వైమానికదళమున పనిచేసి రాడారు మొదలగువానిని ఎరిగినవాడాయన. ఇనుప బాయిలర్లలో బీటలను కనిపెట్టుటకు వాడు యంత్రమును 1955లో పరీక్షించెను. శస్త్రచికిత్సలో తీసిన గడ్డలను ఒక ప్రక్కను, పోలికకొరకు వట్టి మాంసఖండమును మరియొక ప్రక్కను ఉంచి, ప్రతిధ్వనులలో భేదమున్నదని నిశ్చయించుకొనెను. 1958లో లాన్సెట్ పత్రికలో తన సహచరులతో ఆయన ప్రకటించిన వ్యాసముతో గర్భవతుల పరీక్షకు, కడుపులోని గడ్డల పరీక్షకు అల్ట్రాసౌండు దారి తెరచెను. తరువాతి చరిత్ర మన శ్రోతలలో పెక్కుమంది తల్లులకు తెలిసినదే.

కాలేయము చూచిరి, మూత్రపిండములు చూచిరి, గుండె కవాటముల కదలికను చూచిరి. ఊపిరితిత్తిని మాత్రము చూడరాదనిరి. కారణము గట్టిదే. ధ్వని మెత్తని కండరమునుండి గాలిలోనికి పోవలసిన సరిహద్దున, ఆ రెంటికి గల వ్యత్యాసముచేత, దాదాపు అంతయు వెనుకకు తిరిగివచ్చును. స్కాను చేయునపుడు చర్మముపై చల్లని జిగురు పూయుట ఈ కారణముననే. చర్మమునకు, ప్రోబునకు నడుమ పలుచని గాలిపొర యున్నను ధ్వని లోపలికి పోదు. ఊపిరితిత్తియో, గాలి సంచుల పుట్ట. అందుచేత దాని పై పొరవరకు పోయి ధ్వని అచ్చటనే గోడకు కొట్టిన బంతివలె తిరిగివచ్చును. రొమ్ములో చేరిన నీటిని చూపవచ్చునని 1967లోనే జాయ్‌నర్, అతని సహచరులు నిరూపించిరి, ఏలయన నీటిగుండ ధ్వని పోవును. నీరు లేని ఊపిరితిత్తిపై కన్పించునదంతయు వట్టి మిథ్యాబింబములే గనుక వానిపై కాలము వృథా చేయరాదని పాఠ్యగ్రంథముల తీర్పు.

రేడియో యున్న ఇండ్లవారికి ఇచ్చట ఒక పాత సంగతి జ్ఞప్తికి తేవలెను. 1930వ దశకపు ఆరంభమున అమెరికాలో కార్ల్ జాన్‌స్కీ అను ఇంజనీరుకు రేడియోలో వచ్చు గరగర కారణములను వెదకు పని అప్పగించిరి. ఉరుముల గరగరలను వేరు చేయగా, ఏనాటికి పోని ఒక సన్నని బుసబుస మిగిలెను. అది పాలపుంతనుండి వచ్చుచున్నదని 1933లో అతడు ప్రకటించెను. వినువారికి చీదరయైన ఆ చప్పుడునుండియే రేడియో ఖగోళశాస్త్రము పుట్టెను. ఊపిరితిత్తి విషయమునను ఇంచుమించుగా ఇట్లే జరిగెను.

పారిస్ ప్రక్కనున్న బులోన్ పట్టణపు ఆంబ్రువాజ్ పారె ఆసుపత్రిలో, ఐ.సి.యు. వైద్యుడగు డానియెల్ లిష్టెన్‌స్టైన్ 1980వ దశకపు చివరినుండి ప్రోబును మంచము ప్రక్కనే యుంచుకొని, చూడరాదన్న చోటనే చూడసాగెను. ఇతడే మొట్టమొదటివాడని చెప్పరాదు. గుఱ్ఱముల రొమ్ములో గాలి చేరినపుడు పై పొర జారుట ఆగిపోవునని రాంటానెన్ అను పశువైద్యుడు 1986లోనే వ్రాసియుండెను. కాని ఆ ఛాయలనన్నిటిని వరుసగా చూచి, పేరు పెట్టి, ఒక్కొక్కదానిని సి.టి. స్కానుతో సరిచూచిన శ్రమ లిష్టెన్‌స్టైనుది. లాయెనెక్ శవపరీక్షతో చేసిన పనిని ఇతడు అదే నగరపు పొలిమేరలో బ్రతికియున్న రోగులయందు చేసెను.

ఆయన చూచినదేమో వివరింతుము. ప్రోబును రొమ్ముపై నిలువుగా నుంచినచో తెరపై రెండు ప్రక్కటెముకలు నల్లని నీడలతో కన్పించును. వాని నడుమ, కొంచెము లోతున, తెల్లని మెరుపుగీత యొకటి. ఎముకలు రెక్కలుగా, నడిమి గీత శరీరముగా తోచుటచే దానిని గబ్బిలమని పిలిచెను. (చెవితో దారి వెదకుకొను జంతువులలో గబ్బిలము ప్రసిద్ధము, కండ్లు లేకున్నను అది దారి తప్పదని ఇటలీ పండితుడు స్పల్లాంజనీ 1790వ దశకమున పరీక్షించి చూపియుండెను. పేరు కుదిరినది.) ఆ తెల్లని గీతయే ఊపిరితిత్తి పై పొర. అర్థము చెప్పుట అచ్చటినుండి ఆరంభము.

మంగలి దుకాణములో ఎదురెదురుగా అమర్చిన అద్దముల నడుమ కూర్చున్నవానికి తన ప్రతిబింబములు వరుసగా, సమదూరమున కన్పించును గదా. ధ్వనియు పొరకు, ప్రోబునకు నడుమ అట్లే పోయివచ్చుచు, తెల్లని గీతకు క్రింద అదే దూరమున మరియొక అడ్డగీతను, దానిక్రింద వేరొకదానిని చిత్రించును. అచ్చట నిజమున కట్టి పొరలేమియు లేవు. వీనికి ఏ-గీతలని పేరు. అవి కన్పించినచో పొర క్రింద గాలి యున్నదని తాత్పర్యము. కాని ఆ గాలి ఊపిరితిత్తిలో నున్న ప్రాణవాయువా, వెలుపలికి జారిన ప్రాణాంతక వాయువా? ఏ-గీతలు ఆ మాట చెప్పలేవు. చెప్పునది కదలిక. ఆరోగ్యముగా నున్న ఊపిరితిత్తి ప్రతి శ్వాసకు రొమ్ము లోపలి గోడను రాచుకొనుచు జారును. తెల్లని గీతపై చీమలబారు నడచినట్లు మిలమిల కన్పించును. రెండు పొరల నడుమ గాలి చొరబడినచో ఈ జారుడు మాయమగును. 1995లో లిష్టెన్‌స్టైన్, ఈవ్ మెనూ కలిసి ప్రకటించిన పరిశీలనలో 43 న్యుమోథొరాక్సులలో 41 చోట్ల జారుడు లేకపోయెను. పరీక్ష చేయ వీలైన స్థలములలో జారుడు కన్పించిన చోట న్యుమోథొరాక్సు లేకపోయెను. కొన్ని క్షణముల పరీక్షతో ఒక మృత్యుకారణమును అచ్చటికి లేదని త్రోసిపుచ్చగల్గుట సామాన్యము కాదు.

రెండవ గుర్తు నీటిది. కాలేయములో చిక్కుకొన్న తుపాకి రవ్వల వెనుక తోకచుక్క తోకవంటి వెలుగు తెరపై పడుటను 1982లో జిస్కిన్, అతని తోడివారు వర్ణించియుండిరి. లిష్టెన్‌స్టైన్ అట్టి తోకలనే ఊపిరితిత్తి పై పొరనుండి పుట్టుటను చూచెను. చీకటిలో టార్చిలైటు వెలుగువలె పొరనుండి తెర యడుగువరకు తగ్గక దిగుచు, దారిలోని ఏ-గీతలను తుడిచివేయుచు, శ్వాసతోపాటు ఊగుచుండును. ఇవి బి-గీతలు. వ్యాధివలన గాలిసంచుల నడిమి సన్నని అడ్డుగోడలలో నీరూరినపుడు, నీటికి గాలికి నడుమ చిక్కుకొన్న ధ్వని ఇట్టి తోకను పుట్టించునని వివరణ. పుట్టుక తీరును గూర్చి భౌతికశాస్త్రజ్ఞుల చర్చ ఇంకను సాగుచునే యున్నది. 1997లో 250 మంది ఐ.సి.యు. రోగుల పరిశీలన వెలువడెను. రెండు ఊపిరితిత్తులయందు వ్యాపించిన అట్టి వికారమున్న 92 మందిలో 86 మందికి ఈ తోకలు అంతట కన్పించెను. వికారము లేని 129 మందిలో 120 మందికి లేవు, లేదా చివరి ప్రక్కటెముకల సందున మాత్రమే కలవు. గీతకు గీతకు నడుమ ఏడు మిల్లీమీటర్ల దూరమున్నచో అడ్డుగోడలు దళసరియైనవనియు, మూడు మిల్లీమీటర్లకు దగ్గరపడినచో వ్యాధి మరింత ముదిరినదనియు సి.టి. స్కానుతో పోల్చి చెప్పగల్గిరి.

గుర్తులు తెలిసినంతమాత్రాన తీర్పు తెలిసినట్లు కాదు. ఈ విద్యలో ప్రాణములు నిలుచుటయు, పోవుటయు ఇక్కడనే. జారుడు కన్పింపలేదనుకొందము. న్యుమోథొరాక్సు కావచ్చును. కాని పూర్వము వచ్చిన ప్లూరసీ వలన పొరలు అతుకుకొనిపోయినను జారుడుండదు. వెంటిలేటరు గొట్టము లోతుగా దిగి కుడి ఊపిరితిత్తిలోనికే గాలి పోవుచున్నచో, ఎడమ ఊపిరితిత్తి కదలక పడియుండును. గొట్టమును కొంచెము వెనుకకు లాగుటయే దానికి చికిత్స. ఆ భేదము నెరుగక వైద్యుడు తొందరపడి రొమ్ములో సూది గ్రుచ్చినచో మంచి ఊపిరితిత్తికి చిల్లి పొడిచి, లేని వ్యాధిని తానే కల్పించినవాడగును. కనుక నిశ్చయమునకు మరియొక గుర్తు వెదకవలెను. ప్రోబును మెల్లగా ప్రక్కకు జరుపుచు పోయినచో, గాలి ముగిసి ఊపిరితిత్తి గోడకు తగులు సరిహద్దు వచ్చును. అచ్చట ఒకే చోట శ్వాస తీసినపుడు జారుడు కన్పించి, విడిచినపుడు మాయమగును. 2000లో ప్రకటించిన లెక్కలో 66 న్యుమోథొరాక్సులలో 44 చోట్ల ఈ సరిహద్దు దొరకెను. న్యుమోథొరాక్సు లేని 233 రొమ్ము భాగములలో ఒక్కచోటను దొరకలేదు. దొరకినచో నమ్మవచ్చును, దొరకనిచో లేదని చెప్పరాదు. ఊపిరితిత్తి పూర్తిగా ముడుచుకొనిపోయిన మహాపాయమున ఆ సరిహద్దే యుండదు గదా.

జారుడు లేకున్నను, గుండె కొట్టుకొనుటకు అనుగుణముగా పొర సన్నగా అదరుచుండుట మరియొక సహాయము. ఆ యదురు కన్పించినచో పొరలు ఒకదాని నొకటి తాకియే యున్నవన్నమాట. అచ్చట గాలి చొరబడలేదు. చర్మము క్రింద గాలి ఉబ్బిన రోగిలో ఈ గుర్తులేవియు పనిచేయవు. లోతున నుండి పొరవరకు రాని గడ్డలు కన్పింపవు. ఇవి ఎరుగుట గుర్తుల నెరుగుటకంటె ముఖ్యము.

బి-గీతలయందును ఇదే చిక్కు. గుండె అలసి ఊపిరితిత్తులలో నీరు చేరినను అవే, న్యుమోనియాలోను అవే, తీవ్రమైన వాపుతో ఊపిరితిత్తులు పాడైన స్థితిలోను, ఏనాటినుండియో గట్టిపడిన ఊపిరితిత్తిలోను అవే. రెండు వైపుల సమముగా నున్నవా, మచ్చలుమచ్చలుగానా? జారుడు చక్కగా నున్నదా, మందగించినదా? పొర నునుపుగా నున్నదా, చిరిగినట్లున్నదా? కాళ్ళ సిరలలో గడ్డకట్టిన రక్తమేమైన కలదా? ఈ ప్రశ్నలను ఒక వరుసలో నిలిపి, ఊపిరాడక వచ్చిన రోగికి త్వరితముగా కారణము చెప్పు పద్ధతిని లిష్టెన్‌స్టైన్, మెజియేర్ 2008లో ప్రకటించిరి. 260 మంది రోగులలో 90.5 శాతమునకు అది సరియైన కారణమును చూపెను. తక్కిన తొమ్మిదిన్నర శాతమును మరువరాదు. రోగి వయస్సు, పూర్వచరిత్ర, రక్తపరీక్ష, స్టెతస్కోపు, ఇవన్నియు ప్రక్కన లేనిచో తెరపై గీతలు అక్షరములే గాని వాక్యములు కావు.

స్టెతస్కోపు మాట వచ్చినది గనుక, దానికి కొంత నిష్ఠురమైన లెక్క యొకటి చెప్పక తప్పదు. 2004లో తీవ్ర శ్వాసవైఫల్యమున నున్న 32 మంది రోగులను ఫ్రెంచి వైద్యులు మూడు విధముల పరీక్షించి సి.టి. స్కానుతో పోల్చిరి. ఊపిరితిత్తి గట్టిపడిన భాగములను గుర్తించుటలో స్టెతస్కోపు 36 శాతము, మంచముపై తీసిన ఎక్సురే 75 శాతము, అల్ట్రాసౌండు 97 శాతము సరిపోయెను. లాయెనెక్ సాధనమునకు ఇందువలన అవమానము లేదు. వెంటిలేటరు హోరు ఆయన ఎరుగడు.

ఈ పద్ధతి వ్యాపించుట మాత్రము మెల్లగా జరిగెను. గత శతాబ్దాంతమున పెక్కు ఆసుపత్రులలో అల్ట్రాసౌండు యంత్రము రేడియాలజీ విభాగపు సొత్తు. చిత్రమును తీయువారొకరు, చదువువారొకరు, చికిత్స చేయువారింకొకరు. మంచము ప్రక్కనున్న వైద్యుడే ప్రోబును పట్టి, తానే చదివి, తక్షణమే చికిత్స మార్చుట పలువురకు సాహసముగా తోచెను. ఆ శంక నిరాధారమని మేమనము. అరకొరగా నేర్చినవాని చేతిలో ఏ పరికరమైనను ప్రమాదమే. కాని అర్ధరాత్రివేళ ఊపిరాడని రోగి ఉదయమువరకు ఆగడు. తుదకు 2012లో 8 దేశములకు చెందిన 28 మంది నిపుణులు కూర్చుండి, ఏ గుర్తునకు ఏ పేరు, ఏ యర్థము, ఎంతవరకు నమ్మకము అను విషయములను అంతర్జాతీయముగా స్థిరపరచిరి.

మన దేశమున దీనికి వేరొక నియమము తోడుగా నున్నది. గర్భస్థ శిశువు ఆడయో మగయో చెప్పుటను నిషేధించుచు 1994లో చేసిన చట్టము ప్రకారము అల్ట్రాసౌండు యంత్రములను నమోదు చేయింపవలెను. స్కానింగు కేంద్రముల గోడలపై ఆ నిషేధమును తెలుపు బోర్డులను మనమందరము చూచియే యున్నాము. వెంటిలేటరు ప్రక్కన ఊపిరితిత్తులను చూచుటకు తెచ్చిన యంత్రమైనను ఆ నమోదుకు బయట నుండదు. ఆడపిల్లల ప్రాణరక్షణకు చేసిన కట్టుబాటును విసుగుకొనుట తగదు. ఆసుపత్రులు ముందుగానే ఏర్పాటు చేసికొనినచో రోగికి ఆలస్యము జరుగదు.

2020లో కోవిడ్ మహమ్మారి ఈ విద్యను మూలమూలలకు తీసికొనిపోయెను. ఆ వ్యాధి ఊపిరితిత్తుల అంచులను, పై పొరకు ఆనుకొన్న భాగములను ముందుగా పట్టుచుండెను. ధ్వనికి అందు చోటు సరిగా అదియే. తలనుండి పాదములవరకు రక్షణకవచము తొడిగికొన్న వైద్యునికి చెవిలో స్టెతస్కోపు పెట్టుకొనుటయే గగనమయ్యెను. చేతిలో ఇముడు ప్రోబును ప్లాస్టికు తొడుగులో చుట్టి, ఇటలీ వైద్యులు రోగి రొమ్మును 14 భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు సున్న మొదలు మూడు వరకు గుణము వేయు పద్ధతిని ప్రతిపాదించిరి. అయినను బి-గీతలు కోవిడునకే ప్రత్యేకములు కావు. అదే వార్డులో గుండెజబ్బు రోగికి కన్పించినవియు అవే గీతలు.

మూత్రపిండములు పనిచేయక డయాలిసిస్ చేయించుకొను వారియందు ఈ గీతల రాకపోకలను ఇంకను స్పష్టముగా చూడవచ్చును. 2009లో అమెరికా వైద్యులు 40 మంది అట్టి రోగులను యంత్రము నడచుచుండగనే పరీక్షించిరి. వచ్చునప్పటికి వారి ఒంటిలో నీరు పేరుకొనియుండును. యంత్రము ఆ నీటిని తీసివేయుచున్నకొలది తెరపై తోకలు ఒక్కటొక్కటిగా తగ్గుచు వచ్చినవి. తోకలు తొలగిన చోట, మొదట అవి తుడిచివేసిన అడ్డగీతలకు, ఎదురద్దములలోని ప్రతిబింబములవంటి ఆ గీతలకు, మరల చోటు దొరకును.